ఎక్స్-రే గదికి చేరని నియంత్రణ

భారతదేశంలో వైద్య వికిరణ భద్రతా చరిత్రను 1962 అణుశక్తి చట్టం, 1983లో అణుశక్తి నియంత్రణ మండలి స్థాపన, 2004 వికిరణ రక్షణ నియమాలు అనే వరుసలో చెప్పడం పరిపాటి. ఆసుపత్రి గదిలో జరిగినది ఈ వరుసలో కనిపించదు. 2012 నాటి కాగ్ నివేదిక ప్రకారం దేశంలోని 57,443 వైద్య ఎక్స్-రే కేంద్రాలలో మండలి వద్ద నమోదైనవి 5,270. తక్కిన 91 శాతం నమోదు లేకుండానే నడిచాయి. నమోదే లేని గదిలో గోడ మందాన్ని గాని, సిబ్బంది ధరించవలసిన డోసు బ్యాడ్జిని గాని తనిఖీ చేసే దారి మండలికి దాదాపు లేదు. రియాక్టర్లపై దృష్టి నిలిపిన వ్యవస్థకు ఊరి ఎక్స్-రే కేంద్రం చిన్న విషయంగా తోచి ఉండవచ్చు. కాని ప్రజలకు కృత్రిమ వికిరణం అధికంగా సోకేది వైద్యంలోనే. ప్రతి రాష్ట్రంలోనూ వికిరణ భద్రతా డైరెక్టరేటు నెలకొల్పాలని సుప్రీంకోర్టు 2001లోనే ఆదేశించింది. పదేళ్ళు గడిచినా అత్యధిక రాష్ట్రాలలో అది ఏర్పడలేదు.