నల్లనాలుక వ్యాధి: కుక్క నోటిపుండు నుంచి జొన్నకూడు దాకా

ఉపోద్ఘాతం
కుక్క నోట పుండ్లు పడి, దుర్వాసనతో చొంగ కారుతుంటే దానిని అంటువ్యాధిగా తలచడం సహజం. అయితే నోట కనిపించే ప్రతి జబ్బూ నోటిలో పుట్టినది కానక్కరలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల కుక్కలలో కనిపించిన 'నల్లనాలుక' వ్యాధి చరిత్ర ఇందుకు నిదర్శనం. ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం హైదరాబాదులో జరిగింది. ఈ వ్యాధి కారణాన్ని గుర్తించిన క్రమాన్ని, అది పేదల ఆహారంపై లేవనెత్తిన ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వ్యాధి లక్షణాలు
వ్యాధి సోకిన కుక్క తిండి మానేస్తుంది. పెదవులు, బుగ్గల లోపలి పొర ఎర్రబడి పుండ్లు పడతాయి. చిక్కని చొంగ కారుతుంది. నాలుక కమిలి నలుపు తిరుగుతుంది. నెత్తురు విరేచనాలు తోడై, చికిత్స అందకపోతే కుక్క మరణిస్తుంది. దెబ్బతిన్న పొరలో సూక్ష్మజీవులు చేరడం వల్ల లోపం మరుగున పడి, అంటువ్యాధి లక్షణాలే పైకి కనిపిస్తాయి.

పెల్లాగ్రాతో సంబంధం
అదే ప్రాంతంలో, మొక్కజొన్న ప్రధానాహారమైన పేద కుటుంబాలలో పెల్లాగ్రా ప్రబలింది. చర్మం కమలడం, నోటిపూత, విరేచనాలు, మతిభ్రమణం దాని లక్షణాలు. దానినీ అనేకమంది వైద్యులు అంటువ్యాధిగానే భావించారు. 1914లో అమెరికా ప్రజారోగ్య శాఖ తరఫున పరిశోధనకు పూనుకున్న జోసెఫ్ గోల్డ్‌బర్గర్, అనాథాశ్రమాలలో, మానసిక చికిత్సాలయాలలో ఉండేవారికే గాని వారితో మెలిగే సిబ్బందికి ఆ వ్యాధి రావడం లేదని గమనించారు. తేడా తిండిలో ఉందని నిశ్చయించారు.

1917లో చిట్టెండెన్, అండర్‌హిల్ లోపభూయిష్టమైన ఆహారంతో కుక్కలలో పెల్లాగ్రాను పోలిన స్థితిని కలిగించారు. 1920లలో గోల్డ్‌బర్గర్ బృందం ఈ స్థితిని నల్లనాలుకగా గుర్తించి, ఏ పదార్థాలు దానిని నివారిస్తాయో కుక్కలపై పరీక్షించింది. ఈస్టు, కాలేయం ఫలితమిచ్చాయి. 1929లో గోల్డ్‌బర్గర్ మరణించే నాటికి వాటిలోని నివారక పదార్థమేదో తేలలేదు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎల్వెజెం బృందం నికోటినిక్ ఆమ్లంతో నల్లనాలుకను నయం చేసింది. అదే నేటి నియాసిన్.

హైదరాబాదు ఘట్టం
దక్కనులో సమస్య మరో రూపంలో ఎదురైంది. ఇక్కడ పెల్లాగ్రా మొక్కజొన్న తినేవారిలో గాక జొన్న తినే పేదలలో కనిపించింది. జొన్నలో నియాసిన్ వరిబియ్యంకన్నా తక్కువేమీ కాదు. కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే ఆమైనో ఆమ్లం ఇందుకు కారణమని ప్రతిపాదించారు. ఆ దశకంలోనే భవానీ బేలవాడి తదితరులు జొన్న ఆహారంతో కుక్కలలో నల్లనాలుకను కలిగించి చూపారు. ఇతర ప్రయోగశాలలు ఈ ఫలితాలను పూర్తిగా సమర్థించకపోవడంతో లూసిన్ పాత్ర వివాదాస్పదంగానే మిగిలింది. అయినా తిండిలో ఒక పోషకం ఎంత ఉందన్న లెక్క మాత్రమే చాలదని, శరీరం దానిని ఎలా వినియోగించుకుంటుందో కూడా చూడాలని ఈ పరిశోధన స్పష్టం చేసింది.

ముగింపు
నేటి కుక్కలలో నోటిజబ్బులకు చిగుళ్ల వ్యాధే ప్రధాన కారణం, నల్లనాలుక అరుదు. అయినా నోటిని పరీక్షించే వైద్యుడు తిండిని గురించి కూడా అడగాలన్న సూత్రం మారలేదు. నల్లనాలుకకు అంటువ్యాధి అన్న పేరు నిలిచి ఉంటే పుండు కడగడంతోనే చికిత్స ముగిసేది. ఆహారలోపమని తేలిన తరువాత చర్చ కూలి, పంట, ధరల వైపు మళ్లక తప్పలేదు. మనిషి ఆకలిని కుక్క నాలుకపై చదివిన ఈ చరిత్ర వైద్యశాస్త్రానికే గాక సామాజిక చరిత్రకు కూడా చెందినది.