పెద్దబడి, చిన్నబడి

ఉత్తరముపై మన పేరు పెద్ద అక్షరములతో నున్నను, చిన్న అక్షరములతో నున్నను, తపాలా జవాను దానిని మన యింటికే చేర్చును. ఈమెయిలు పెట్టెను తెరచునపుడు మాత్రము ఈ యౌదార్యము ఎల్లయెడల లభింపదు. యూజర్‌నేమ్‌లో ఒక్క అక్షరము పెద్దబడిలో పడినచో, ఆ పేరుగలవా రెవ్వరును లేరని తలుపు మూయు యంత్రములు కొన్ని కలవు. ఈ పట్టింపు ఎచ్చటనుండి వచ్చినదో నేడు మనవి చేసెదను.

మన తెలుగు లిపిలో ఈ భేదము లేదు. రోమనుల శిలాశాసనములందును కానరాదు; క్రీ. శ. 113 నాటి ట్రాజను స్తంభముపై శాసన మంతయు పెద్ద అక్షరములే. ఎనిమిదవ శతాబ్ది చివర, షార్లమేన్ చక్రవర్తి కాలమున, లేఖకులు సుబోధమైన చిన్న అక్షరములను వ్యాపింపజేసిరి. తరువాత రెండును ఒకే పుటలో కలిసినవి. అచ్చుకూటములలో పెద్ద అక్షరములను పై అరలోను, చిన్నవానిని క్రింది అరలోను ఉంచుటచేతనే ఇంగ్లీషున వానికి అప్పర్ కేస్, లోయర్ కేస్ అను పేర్లు కలిగెను.

టెలిగ్రాఫు నందలి మోర్సు సంకేతములకు ఈ భేదము పట్టలేదు. 1963లో వెలువడిన ఆస్కీ సంకేతావళిలోను మొదట పెద్ద అక్షరములే యుండెను. 1967 నాటి సవరణలో చిన్నవియు చేరినవి. అందు పెద్ద 'ఏ' సంఖ్య 65, చిన్న 'ఏ' సంఖ్య 97. మన కంటికి అక్షర మొక్కటే. యంత్రమునకు అవి రెండు వేర్వేరు సంఖ్యలు. చిక్కంతయు నిచ్చటనే పుట్టినది.

1969లో బెల్ ప్రయోగశాలలో ఆరంభమైన యూనిక్స్ ఈ రెంటిని వేరుగానే ఎంచెను. అట్లెంచని యంత్రములును ఉండెను. కావున 1982లో జాన్ పోస్టెల్ రచించిన ఈమెయిలు నిబంధనలు మధ్యేమార్గము నవలంబించెను: 'ఎట్' గుర్తునకు తరువాతి యంత్రనామమున భేదము పాటింపనక్కరలేదు, ముందున్న వ్యక్తినామమును మాత్రము వ్రాసినది వ్రాసినట్లే అందజేయవలెను. 2008 నాటి సవరణ ఈ నియమమును నిలిపియు, భేదముపై ఆధారపడు పెట్టెలను కల్పింపవలదని హితవు చెప్పినది.

ఆ హితవు సమంజసమని నా యభిప్రాయము. ఒకే పేరును పెద్దబడిలో నొకరికి, చిన్నబడిలో మరియొకరికి ఇచ్చినచో, ఒకరి రోగవార్తయో, ఉద్యోగపు టుత్తరువో వేరొకరి చేత పడును. పైగా, నేటి టెలిఫోనులు అడుగకయే మొదటి అక్షరమును పెద్దది చేయుట కలదు. ఇంగ్లీషు అంతగా రాని వృద్ధునకు తాను తన పెట్టెలోనికే ఏల పోలేకున్నాడో తెలియదు. అందుచేతనే నేడు పేరుగాంచిన ఈమెయిలు సంస్థలు పెక్కు, పేరునందు ఈ భేదమును పాటించుట లేదు.

పాస్‌వర్డు సంగతి వేరు. 26 అక్షరములు 52 అయినచో, ఎనిమిది అక్షరముల మాటకు సాధ్యమగు రూపములు 256 రెట్లగును. దొంగకు అంత శ్రమ పెరుగును. పేరు పదిమంది పిలుచుటకు, పాస్‌వర్డు దాచుకొనుటకు. కావున రెండవదానియందు పట్టింపు తగును, మొదటిదానియందు తగదు. తలుపు తెరువనపుడు శ్రోతలు పేరును చిన్నబడిలో వ్రాసి చూచి, పాస్‌వర్డును మాత్రము పెట్టుకొన్న రీతినే వ్రాయుదురు గాక.