రాతి దిమ్మె మీద కొయ్య కంబం

పెనుకొండ గగన్‌మహల్ ముందు నిలబడితే కంటికి ఆనేవి రాయి, ఇటుక, సున్నమే. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజధాని ఇక్కడికి తరలివచ్చింది. అయితే ఆ రాజుల కట్టడాల్లో కొయ్యకు పెద్దపీటే ఉండేది. హంపిలో కొలువుకూటమని చెప్పే అరుగు మీద నూరు కంబాలు నిలిపిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. కంబాలు మాత్రం లేవు, అవి కొయ్యవి.

రాజ్యం పోయినా ఆ పద్ధతి పోలేదు. హిందూపురం, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల మట్టిమిద్దెల్లో అది బతికింది. పాత మిద్దె పడసాలలో కంబం మొదలు చూస్తే పనితనం తెలుస్తుంది. దాన్ని నేలలో పాతరు, చెక్కిన రాతి దిమ్మె మీద నిలుపుతారు. చెమ్మ, చెదలు అంత తేలిగ్గా పైకి ఎక్కవు. కంబం తలన అడ్డదిమ్మె, దాని మీద దూలం, దూలం మీద వరసగా దంతెలు, ఆపైన సన్నకట్టెలు, ఆకులలములు, మట్టి. అన్నిటికీ పైన వాననీటిని కిందికి దిగనివ్వని చౌడు. ధర్మవరం నేతగాళ్ళ గుంటమగ్గాలు ఆడిందీ ఇలాంటి కప్పుల కిందే.

జపాన్ వడ్రంగులదీ ఇదే తోవ. రాయి ఎగుడుదిగుళ్ళకు సరిపడేలా కంబం అడుగును చెక్కి కూర్చోబెడతారు. మేకులను నమ్ముకోకుండా కుసిని బెజ్జంలో దించి బిగిస్తారు. నారా దగ్గరి హోర్యూజీ ఆలయ గోపురం సుమారు 1300 ఏళ్ళుగా అలాగే నిలిచి ఉంది. కప్పు దగ్గరే తేడా. అక్కడ వానలెక్కువ, కాబట్టి ఏటవాలు కప్పు, వెడల్పాటి చూరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమకు చదును మిద్దె చాలింది.

జపాన్ అనుభవం మన ఎండల్లోకి వచ్చిన చక్కని కట్టడం పుదుచ్చేరిలో ఉంది. పేరు గోల్కొండ! అరవిందాశ్రమ వసతిగృహమది. జపాన్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆంటొనిన్ రేమండ్ నమూనా గీస్తే, జార్జ్ నకషిమా 1930ల చివర దగ్గరుండి పని చూశారు. హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ చొరవతో విరాళం అందింది. ఆ పేరు అందుకే. కట్టడం కాంక్రీటుదే అయినా గదుల టేకు తలుపులు పక్కకు జరుగుతాయి, గాలి ఇటునుంచి అటు సాగిపోతుంది.

ఇప్పుడు మిద్దెలు కూల్చి స్లాబులు వేస్తున్నారు. దూలాలు పొయ్యిలోకో పాత కలప అంగడికో పోతున్నాయి. ఈ సీమలో జపాన్ తరహా కొయ్య ఇల్లు కట్టదలచినవారు ముందు వెతకాల్సింది ఆ దూలాలనే. వాటిని కంబాలుగా మలచి రాతి దిమ్మెల మీద నిలిపి, చూరు బాగా ముందుకు దించి, జారుడు తలుపులు పెట్టుకోవచ్చు. పడమటి గోడ మాత్రం రాతిదే కావాలి. ఇక్కడి మే నెల ఎండను పల్చని చెక్క, కాగితపు తెరలు ఆపలేవు.