రెండు దూబగుంటలు

ఉదయగిరి యనగానే చరిత్రకారులు కృష్ణదేవరాయలు నెలల తరబడి కోటను చుట్టుముట్టి, 1514లో ప్రతాపరుద్ర గజపతి వశమునుండి దానిని గైకొన్న వృత్తాంతమునకే పరుగిడుదురు గాని, ఆ ముట్టడికి ముందు తరముననే ఆ కొండనీడను కథ వ్రాయు విద్య యొకటి పండియుండెనన్న సంగతిని అంతగా పట్టించుకొనరు.

పదునైదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ దుర్గమునేలిన బసవభూపాలునకు దూబగుంట నారాయణకవి పంచతంత్రమును తెలుగు పద్యములలో వ్రాసి అంకితమిచ్చెను. ఆ రాజు మంత్రియైన గంగయకు నంది మల్లయ, ఘంట సింగయ అను మేనమామ మేనల్లుళ్లు, కృష్ణమిశ్రుని సంస్కృత నాటకమైన ప్రబోధచంద్రోదయమును కావ్యముగా మలచి సమర్పించిరి. ఒకదానిలో నక్కలు రాజనీతి చెప్పును. రెండవదానిలో వివేకమును మోహమును రాజులై సేనలు నడుపును. శాస్త్రమును శాస్త్రముగానే చెప్పినచో వినువాడు ఆవులించునని యెరిగి, దానికి కాళ్లు చేతులు తగిలించి నడిపించుటయే ఆ కవుల నేర్పు. జంటగా వ్రాయుటలో మరియొక మేలు కలదు: పెదవి విరువగల మొదటి పాఠకుడు ప్రక్కనే కూర్చుండును, అతడు మేనల్లుడైనచో మొగమాటము కూడ తక్కువ!

ఆ పంచతంత్రపు మిత్రలాభ మిత్రభేదములే 1853లో మదరాసున చిన్నయసూరి చేత నీతిచంద్రికయను గద్యమై, తరతరాల విద్యార్థులకు వాక్యరచన నేర్పెను.

నారాయణకవి యింటిపేరు గల దూబగుంట యను ఊరొకటి ఉదయగిరి మెట్టసీమలోనే, కలిగిరి చెంత నున్నది. 1991లో నెల్లూరు జిల్లాయందు అక్షరాస్యతోద్యమము సాగినప్పుడు, పగలెల్ల కలుపు తీసి రాత్రి పలక పట్టిన స్త్రీల వాచకములో 'సీతమ్మ కథ' యను పాఠముండెను: త్రాగుబోతు మగడు, చితికిన సంసారము. గుణింతమింకను చేతికి రాని చదువరికై వ్రాయుట మహాకావ్యము వ్రాయుటకంటె తేలిక యని నేననుకొనను. పంక్తి వెంట సాగు వ్రేలు కష్టమైన ఒత్తు తగిలినచోటనెల్ల నిలిచిపోవును. ఆ వ్రేలు ఆగిన కొలది కథయు ఆగును. కావున పొయ్యికడ పుట్టిన మాటలతోనే అచట కథ నడువవలెను. ఆ కల్పన తమ యింటి సంగతియే యని తోచిన దూబగుంట స్త్రీలు కూడి, తమ యూర సారా అమ్మకమును ఆపించిరి.

అటుపిమ్మట జరిగినది విచిత్రము. జరిగిన ఆ సంగతియే తరువాతి వాచకములో 'ఆడవాళ్లు ఏకమైతే' యను పాఠమయ్యెను. కల్పన చదివి చేసిన పని యథార్థకథనమై మరల బడికి వచ్చెను. 1992లో సారా వ్యతిరేకోద్యమము ఊరూర ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. రెండు పాఠములలో నాకు రెండవదియే ఎక్కువ నేర్పుగలదిగా తోచును. పంచతంత్రము విన్నవాడు ఆ యడవి యెక్కడనని అడుగడు. ఈ పాఠము చదివిన ఆత్మకూరు వైపు స్త్రీలు మాత్రము దూబగుంటకు బస్సు ఎక్కడ ఎక్కవలెనని అడిగియుందురు.