స్టేషను: ఒక పదముయొక్క అర్థపరిణామము

రైలు, పోలీసు, రేడియో అను మాటల వెంట తెలుగునాట విడువక వినవచ్చు పదము స్టేషను. దీని చరిత్రను ఇచట సంగ్రహముగా పరిశీలించుచున్నాము.

లాటిను భాషలో 'స్టారె' అనగా నిలుచుట. 'స్టాటియో' అనగా నిలుచుట, నిలుచు చోటు, కావలి తావు. ఫ్రెంచి ద్వారమున ఈ పదము ఆంగ్లమున ప్రవేశించెను. మధ్యయుగములలో ఊరూర తిరుగక ఒకచోట అంగడి నిలిపి గ్రంథము లమ్మినవాడు స్టేషనరు. లండనులోని వారి సంఘమునకు 1557లో రాజశాసనము లభించినది. మనము కాగితములకును కలములకును వాడు స్టేషనరీ పదమునకు మూల మిదియే. కంపెనీ పాలనలో దొరలు, సైనికులు నివసించు తావు స్టేషను. అధికారి దానిని విడిచి వెళ్లినచో 'ఔటాఫ్ స్టేషను'. 1856లో రాయపురము, వాలాజా రోడ్ల నడుమ దక్షిణదేశపు తొలి ప్రయాణికుల రైలు నడచిన పిదప, బండి ఆగుచోటు అను అర్థము ప్రజలకు పరిచిత మగుటకు దారి యేర్పడినది.

పోలీసు స్టేషనుకు ఠాణా యను మాటయు కలదు. అది హిందుస్తానీ ద్వారా వచ్చినది. దాని మూలము సంస్కృతమందలి 'స్థాన' శబ్దము. సంస్కృత స్థాధాతువును, లాటిను స్టారెయు ఒకే ఇండో-యూరోపియను మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. కావున ఠాణా, స్టేషను దాయాదులు.

స్టేషను అన్యదేశ్యమని త్రోసి, స్థానము మనదని చేకొనువారు కలరు. తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో ఎల్లిస్ ప్రతిపాదించెను. ఆ దృష్టితో చూచినచో స్థానము, ఠాణా, స్టేషను మూడును మనకు ఎరువుసొమ్మే. సొంతమైనది 'నిలుచు' ధాతువు. నిలుకడ దానినుండి పుట్టినదే. పదమును గ్రహించుటకైనను విడుచుటకైనను జన్మము గాక జనవ్యవహారమే ప్రమాణమని మా అభిప్రాయము.