కారణం తేలని ఛాతీనొప్పి: వైద్య రికార్డులలో నమోదు, కోడింగ్ విధానం

ఛాతీనొప్పితో ఆసుపత్రికి వచ్చిన ప్రతి రోగికీ గుండెజబ్బు ఉండదు. కండరాలు, పక్కటెముకలు, అన్నవాహిక, ఊపిరితిత్తుల సమస్యలు, తీవ్ర ఆందోళన కూడా ఇందుకు కారణం కావచ్చు. పరీక్షల అనంతరం కూడా కారణం తేలనప్పుడు ఏమి నమోదు చేయాలన్నది కీలకాంశం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పు (ఐసిడి-10) నియమాల ప్రకారం, చికిత్స ముగిసేనాటికి వ్యాధి నిర్ధారణ కానట్లయితే రోగలక్షణాన్నే పేర్కొనవలసి ఉంటుంది. 'గుండెపోటు కావచ్చు' అని వ్రాయరాదు.

వర్తించే కోడ్‌లు:

* ఆర్07.1: శ్వాస తీసుకొన్నప్పుడు నొప్పి
* ఆర్07.2: గుండె ముందుభాగంలో నొప్పి
* ఆర్07.3: ఇతర ఛాతీనొప్పి
* ఆర్07.4: వివరం పేర్కొనని ఛాతీనొప్పి
* జడ్03.4: గుండెపోటు అనుమానంతో పరిశీలన

నిర్ధారణ కాని గుండెపోటును ఐ21 కింద చేర్చినట్లయితే ఆ ముద్ర రోగి రికార్డులో నిలిచిపోతుంది. వ్యాధి గణాంకాలు వాస్తవానికి మించి నమోదవుతాయి. అదే విధంగా, నిర్ధారణ అయిన గుండెజబ్బును ఆర్07.4గా వదిలివేసినచో అసలు వ్యాధి లెక్కకు రాదు.

కావున నొప్పి మొదలైన సమయం, స్థానం, వ్యాపించిన తీరు, ఇసిజి, ట్రోపోనిన్ ఫలితాలు, వాటిని తీసిన వేళలు, లేవని తేలిన వ్యాధులు, తిరిగి రావలసిన తేదీలను వైద్యులు కేసుషీటులో స్పష్టంగా వ్రాయాలి. వివరం కొరవడినచో కోడింగ్ సిబ్బంది ఊహించక, వైద్యుని సంప్రదించాలి.

ఆర్07.4 అనగా వ్యాధి లేదని కాదు. కారణం ఇంకా తేలలేదని మాత్రమే. పదకొండవ కూర్పు (ఐసిడి-11) 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. పై కోడ్‌లు పదవ కూర్పుకు చెందినవి.