గోగు కాని కొండగోగు

శివరాత్రి ముందర అచ్చంపేట నుంచి నల్లమలలోని ఉమామహేశ్వరం కొండెక్కితే, ఆకు రాలిన అడవిలో రెండు చెట్లను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. విబూది పూసుకున్నట్టు తెల్లగా, కాగితం పొరల్లా బెరడు లేస్తూ నిలబడేది తపసి. ఆకన్నది లేకుండా కొమ్మల కొసన పెద్ద పెద్ద పసుపుపచ్చ పూలు పూసేది కొండగోగు. రెండూ బండరాళ్ల సందుల్లో బతికేవే. రెంటి ఆకులూ వేళ్లు చాపినట్టు చీలి ఉంటాయి. రెంటికీ బంక కారుతుంది.

తికమకంతా పేర్లలోనే. కొండగోగు అసలు గోగు కుటుంబానిది కాదు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని బూరుగు వరసలో చేర్చాడు. కాయ పగిలి దూది రేగుతుంటే చూసిన ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఇప్పటి శాస్త్రం మాత్రం దాన్ని జాఫ్రా గింజల చెట్టుతో కలిపి బిక్సేసీ కుటుంబంలో ఉంచింది. గోంగూరకూ పత్తికీ బెండకూ నిజమైన చుట్టం తపసి, మాల్వేసీ కుటుంబం. సామర్లకోటలో మొక్కల తోట పెంచిన రాక్స్‌బర్గ్ 1795లో దానికి స్టెర్క్యూలియా యూరెన్స్ అని పేరు పెట్టాడు. యూరెన్స్ అంటే మండించేది. చుక్కలా విచ్చుకున్న అయిదు ఎర్రకాయల మీది నూగు వేలికి తగిలితే ఆ పేరెందుకో తెలిసిపోతుంది.

తపసి బంక పర్షియా నుంచి వచ్చే ట్రాగకాంత్ బంకకు చవక బదులుగా సముద్రాలు దాటింది. కట్టుడు పళ్లు అంటించే పొడిలోకీ, విరేచనం మందులోకీ చేరింది. నల్లమల చెంచులకు అదే సంతలోకి పైసలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వాళ్ల దగ్గర కొంటూ వచ్చింది. తూకం పెరగాలంటే గాటు లోతుగా పడాలి. గొడ్డలి బెరడు దాటి కర్రలోకి దిగింది, మాన్లు నిలువునా ఎండాయి. ఈ నష్టం చెంచుల ఆశ వల్ల వచ్చిందంటే నేను ఒప్పుకోను, తూకానికే డబ్బిచ్చిన బజారుదే ఆ తప్పు. అంత గిరాకీ లేని కొండగోగుకు ఆ బాధ తక్కువ.

బజారు కన్ను పడ్డ మరో చెట్టు ఎర్రచందనానికి 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం కాపలా ఉంది. తపసికి అదీ లేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ హద్దుల్లో ఉన్న చెట్లకు అడవి చట్టాలే దిక్కు. గొడ్డలి మాని, పదునైన చిన్న పనిముట్టుతో బెరడు మేరకే గాటు పెట్టడం కొన్నిచోట్ల చెంచులకు నేర్పారు. అలా తీసిన బంకలో పెచ్చులుండవు, తెల్లగా ఉంటుంది, మొదటి రకం ధర పలుకుతుంది. ఆ ధర నల్లమలలోని మన్ననూరు దాకా, బంక తీసిన చేతిదాకా రావాలి.